ఓడ మీద పరిచిన గొంగడి

కార్తీకం, శనివారం, పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలు. ముంబైలో ఎక్కించుకుని మూడు రోజులు సముద్రం మీద తిప్పే ఒక పేరుమోసిన ఓడ పై అంతస్తులో నా గొంగడి పరిచాను. గడియారం నేనే చదువుకున్నాను. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, అరవై దాటాక నేర్చిన అక్షరాలు, అంకెలు నావి. కనబడితే చదవకుండా ఉండలేను.

మాది గొర్లు కాసే ఇల్లు. మా వాళ్లలో మాట తెగిన ఇద్దరు కలవాలంటే ఒకే గొంగడి మీద కూర్చోవాలి. తప్పు చేసినవాడు పరుస్తాడు. ఎదుటివాడు వచ్చి కూర్చుంటే అయిపోయినట్టే.

నేను పరిచింది మా బావ కోసం. నాలుగేండ్ల కింద మర్రిగూడలో మా అక్కకు జ్వరం పట్టింది. పత్తి ఏరుడు అయ్యాక దవాఖానకు పోదామని బావ మూడు రోజులు ఆపాడు. నాలుగో రోజు అక్క లేదు. మట్టి చేసిన చోట, ఊరంతా నిలబడి ఉండగా, "నీ పత్తి మా అక్కను తిన్నది" అన్నాను. నా నోరు అట్లాంటిది. అప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడలేదు.

ఇద్దరినీ కలపాలని మేనకోడలు ఓడకు తీసుకొచ్చింది. తనూ పెనిమిటీ వేరే అంతస్తులో ఉండి, వాళ్ల నాయినకూ నాకూ ఒకే గది తీసింది. గదికి కిటికీ లేదు. సముద్రం చూద్దామని వచ్చి గోడ చూశాను. బావ ఆ గోడతోనే మాట్లాడాడు.

"ఎవరన్న లైటు ఆర్పుతే జర నడుము వాలుస్త" అన్నాడు మొదటి రోజు మధ్యాహ్నం.

ఆర్పాను.

"గురక పెట్టేటోళ్లు అటు దిక్కు తిరిగి పండాలె."

తిరిగాను.

బయటికి పోతే అన్నం దగ్గర బారులు, ఈత తొట్టి దగ్గర చెవులు పగిలే పాటలు. బావ పేకాట ఆడేవాళ్లలో కలిసిపోయాడు. నేను తలుపుల మీది అంకెలు చదువుకుంటూ తిరిగాను. సాయంత్రం మేనకోడలితో చెప్పాను, "పొద్దుగాల పైన గొంగడి పరుస్తనని మీ నాయినకు చెప్పు."

"ఓడలకు గొంగడి తెచ్చినవా మామా? చలి పెడుతుందనా?"

"మీ నాయిన కోసం తెచ్చిన."

"చెప్త మామా. వస్తడో రాడో నా చేతుల లేదు."

తెల్లారి పైన నేల తుడిచే మనిషి గొంగడి తీయమని హిందీలో చెప్పాడు. "జర ఆగు భాయ్, ఒక మనిషి రావాలె" అన్నాను. ఏం అర్థమైందో, నా చుట్టూ తుడుచుకుంటూ పోయాడు. నాలుగు దిక్కులా నీళ్లే. మేపడానికి ఏమీ లేని బీడులాగా ఉంది.

బావ వచ్చాడు. చెప్పులు విడవలేదు. గొంగడి అంచు దగ్గర ఆగాడు.

"కూసో బావా. నాడు నేనన్నది తప్పు."

నాలుగేండ్ల తర్వాత మొదటిసారి నా మొహం చూసి మాట్లాడాడు. "తప్పైతే ఎప్పుడో కూసుందును బామ్మర్దీ. నువ్వన్నది నిజమే. గా నిజం పక్కన నేనెట్ల కూసోవాలె?"

పోయి ఓడ అంచు కమ్మీలు పట్టుకుని నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను గొంగడి మీది నుంచి లేవలేదు.

ఇంకో రోజు ఓడ మీద మిగిలే ఉంది. ఆ రోజంతా బావ గోడతో కూడా మాట్లాడలేదు.

గొంగడి పరిచిన ఆ పొద్దు పైన ఉన్నది నలుగురం. కమ్మీల దగ్గర మా బావ, నేల తుడిచే మనిషి, చక్రాల కుర్చీలో నీళ్ల దిక్కు చూస్తున్న ఒక ముసలామె, గొంగడి మీద నేను.