తేట వంచిన రోజు

వెన్న కాచి నెయ్యి వంచేటప్పుడు గిన్నె అడుగున గోధుమరంగు మడ్డి కదలడం చూస్తే చాలు, బెంగాలీ ఊళ్ళో మలంచా పేటలోని ఈ వంటింట్లోంచి నేను మా పాత రైల్వే క్వార్టర్సుకు వెళ్ళిపోతాను. అక్కడ మా పక్కింట్లో ఎలీన్ ఆంటీ ఉండేది. ఆంగ్లో ఇండియన్. మెయిలు బండి డ్రైవరుగారి భార్య. నేను కాపురానికి వచ్చేనాటికే ఆయన పోయి కొన్నేళ్ళయింది. మా శ్రీకాకుళం వాళ్ళ మధ్య బతికి బతికి మా తెలుగే మాట్లాడేది, అక్క, అన్న అనడానికి మాత్రం అక్కడివాళ్ళలా దీదీ, దాదా అనేది. నేనా, ఏ పనైనా దబాదబా ముగించి చేతులు దులుపుకునే రకాన్ని. నిదానంలో ఎంత బలముందో నాకు చూపించిన మనిషి ఆవిడే.

ఆవిడ బీరువా అడుగున ఒక పోర్ట్ వైన్ సీసా పడుకోబెట్టి ఉండేది. తెల్లదొరలు దేశం వదిలి వెళ్ళేటప్పుడు ఒక ఆఫీసరు డ్రైవరుగారికి ఇచ్చి వెళ్ళాడట. అప్పుడే కూతురు రోజ్ పుట్టింది. "దీని పెళ్ళినాడు నా చేత్తో తీస్తాను" అని ఆయన దాచాడు. తీయకుండానే కన్నుమూశాడు. ఆయన మాటల్లో ఆవిడ నెరవేర్చవలసింది ఇక అదొక్కటే మిగిలింది.

రోజ్ పెళ్ళి వారం ఉందనగా మా అత్త వాళ్ళింటికి సాయం వెళ్ళింది. సాయమంటే మా అత్తకు తోమడమే. దుమ్ము కొట్టుకుపోయి, ఒక పక్క సున్నం చారతో ఉన్న ఆ సీసా కంటబడింది. ఇంకేముంది, చింతపండూ బూడిదా పెట్టి ఇత్తడి చెంబులా తోమి, కుదిపి కడిగి, గుమ్మంలో ఎండకు పెట్టింది. పడుకోబెట్టిన సీసాకు పైవైపు ఏదో తెలియడానికి పెట్టిన గుర్తు ఆ సున్నం చార. ఏళ్ళ తరబడి కింది వైపు పేరుకున్న మడ్డంతా లేచి వైన్‌లో కలిసిపోయింది.

ఆంటీ వచ్చి సీసాను వెలుతురుకు పట్టి చూసింది. ముఖం పాలిపోయింది.

"ఏటయినాది దొరసానమ్మా? మురికి వదలగొట్టినాను గదా" అంది అత్త.

"మురికి లోపలుంది దీదీ. అడుగున పడుకుని ఉండేది, ఇప్పుడు లేసిపోనాది. ఇలా పోస్తే నోట్లో ఇసకా, చేదూను."

"మీ ఆయన దాసిన సీసా ఇదేనా?" అని అడిగి, అత్త అక్కడే కూలబడింది.

ఆంటీ కేకలెయ్యలేదు. "తేరుకుంటాదిలే. కదపకుండా నిలబెట్టాల. సల్లగా, సీకటిగా ఉండాల" అంది. మా క్వార్టర్సులో కదలనిదేముంది? గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా గోడమీది పటాలు ఊగేవి. అప్పుడు మా అత్త, మందు వాసన వస్తే వీధి మారిపోయే మనిషి, "మా బియ్యం డబ్బాలో ఎడదాం" అంది. సీసాను మెడదాకా బియ్యంలో పూడ్చి నిలబెట్టి, పెళ్ళయ్యేదాకా ఆ డబ్బా మూత ఎవరూ ముట్టుకోకూడదంది. ఆ వారమంతా మా ఇంట్లో రొట్టెలే. అన్నం లేకపోతే కడుపు నిండదని మా ఆయన గొణిగితే, "నాను సేసిన పనికి నువ్వూ తిను" అంది.

పెళ్ళినాడు చర్చి నుంచి వచ్చాక పెళ్ళికొడుకు మేనమామ పెదవి విరిచాడు. వైన్‌ను పొద్దున్నే కూజాలో పోసి గాలి తగలనివ్వాల్సిందట.

"కుర్ర వైన్‌కి గాలి గావాల దాదా. ఇది ముసలిది, ఎక్కువ గాలి తగిలితే సొమ్మసిల్లిపోతాది. గ్లాసులు సిద్ధమైనాకే" అంది ఆంటీ.

అత్త సీసాను నిలువుగా, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి తెచ్చింది. ఆంటీ బిరడా తీసి సీసా మూతి తుడిచింది. సీసా మెడ వెనక కొవ్వొత్తి వెలిగించి, గాజు కూజాలోకి వంచడం మొదలుపెట్టింది. ఒకసారి వంచాక మధ్యలో నిలబెట్టకూడదు, మడ్డి మళ్ళీ లేస్తుంది. ఆవిడ చూపంతా మంట ముందున్న గాజు మీదే. సన్నటి ఎర్రటి ధార. సరిగ్గా అప్పుడే గూడ్సు బండి వచ్చింది. బల్లమీద గ్లాసులు గలగలలాడాయి. ఆవిడ చెయ్యి మాత్రం చలించలేదు. వయసు మళ్ళిన ఆ చేతుల్లో అంత నిబ్బరం ఎక్కడిదో నాకిప్పటికీ ఆశ్చర్యమే. నల్లటి మడ్డి పోగులా సాగి సీసా భుజం దాకా వచ్చింది. ఆవిడ ఆపేసింది.

"ఇంకా ఉంది కదా!" అన్నాడు మేనమామ.

ఆంటీ కూజాను కొవ్వొత్తి ముందు పెట్టింది. కూజాలోది కొవ్వొత్తి వెలుగు అవతలి నుంచి కనిపించేంత తేటగా ఉంది. రోజ్ ఒక్క గుక్క తాగి, "డాడీ" అని తల్లి భుజం మీద వాలిపోయింది.

"మరి సీసాలో మిగిలినదాన్ని ఏటి సేస్తావు దొరసానమ్మా?" అని అడిగింది అత్త.

"అది ఆయన వాటా దీదీ."

అత్త ఆ సీసాను తీసుకెళ్ళి గోడమీది డ్రైవరుగారి పటం కింద పెట్టింది. దానికంటిన బియ్యప్పిండిని ఈసారి తుడవలేదు.

ఇప్పుడు ఆంటీ, అత్తా ఇద్దరూ లేరు. నేను మధ్యలో ఆపకుండా నెయ్యి వంచుతాను. మడ్డి అంచుదాకా రాగానే గిన్నె దించేస్తాను. "ఇంకా ఉంది కదా అత్తయ్యా, వంచెయ్యండి" అంటుంది మా కోడలు.

"అది వాళ్ళిద్దరి వాటా" అంటాను.