నాపబండ మీది మోటారు

నరసరావుపేట జిన్నింగు మిల్లులో మోటారుకు గ్రీజు పెట్టేది యల్లమంద. మాచర్ల దిక్కు నాపరాళ్ల క్వారీలో పుట్టి పెరిగిన మనిషి. సుత్తితో రాయిని కొట్టి, ఖంగుమంటే గట్టిదనీ, బొదబొదమంటే లోపల పొర వీడిందనీ చెప్పేవాడు. ఆ చెవే మోటారుకూ పనికొచ్చింది. స్క్రూడ్రైవరు మొన బేరింగుకీ, పిడి చెవికీ ఆనించాడంటే దాని ఒంట్లో సంగతంతా తెలిసిపోయేది. చదువా? వేలిముద్రే. అయితే ఏందంట?

అరవై రెండులో ఆయిలింజను తీసేసి కరెంటు మోటారు తెచ్చారు. కింద సిమెంటు దిమ్మ కట్టమని ఫిట్టరు మరీమరీ చెప్పాడు. యల్లమంద వింటేనా! మా క్వారీ రాయి ఉండగా సిమెంటెందుకని, మందపాటి నాపబండ తనే బండిమీద తోలుకొచ్చి పరిపించాడు. యజమాని చెన్నకేశవరావుగారు కూడా సరేనన్నారు. పల్నాడులో రాయిని కాదనేదెవరు?

రెండో సీజనుకల్లా మోటారు గుర్రుమనడం మొదలెట్టింది. ఆఫీసు బల్లమీద టీ గ్లాసులు గలగలలాడాయి. గుంటూరు నుంచి మెకానిక్కును పిలిపిస్తే, అతగాడు మోటారు విప్పనైనా విప్పకుండా, గ్రీజు పెట్టక బేరింగును చంపేశారని తేల్చేశాడు. చెన్నకేశవరావుగారు మోటారును గుంటూరుకీ, యల్లమందను పత్తి బోరేలు మోసే పనికీ పంపుతానన్నారు. యల్లమంద బోరేలైనా మోసేవాడేగానీ, గ్రీజు పెట్టలేదన్న మాట మాత్రం మింగుడు పడలేదు. పంపేముందు ఒక్క గంట తనకిమ్మని అడిగాడు.

బెల్టు తీసి, బోల్టులు విప్పించి, మోటారును ఇసుక బస్తాలమీదికి దింపించాడు. తాళ్లతో బిగించి స్విచ్చి వేయించాడు. ఏదీ ఆ గుర్రు? సన్నగా, హాయిగా తిరిగింది.

గ్రీజు సంగతి తేలిపోయింది, ఇక ఊరుకోవచ్చు. ఊరుకుంటే వాడు యల్లమంద ఎందుకవుతాడు? సుత్తి తీసుకుని ఖాళీ బండను నాలుగు మూలలా కొట్టాడు. మూడు మూలలు ఖంగుమన్నాయి. నాలుగోది బొదమంది. అతని మొహం నల్లబడింది. గడ్డపార మొన పెట్టి ఎత్తితే పైపొర అప్పడంలా కాస్త పైకి లేచింది. ఆ మూల బోల్టుకు పట్టులేక, మోటారు తిరిగినప్పుడల్లా బండంతా అదిరి మోగుతోందన్నమాట.

మిల్లంతా చుట్టూ మూగి ఉంది. యల్లమంద సుత్తి కింద పెట్టాడు.

“అయ్యా, మోటారు తప్పు కాదు, నా తప్పు. ఈ రాయి తెచ్చింది నేనే. తెచ్చిన్నాడు కొట్టి చూడలా. మా ఊరి రాయేగదా అని నమ్మా.”

చెన్నకేశవరావుగారు మెకానిక్కుకు టీ ఇప్పించి బస్సెక్కించమన్నారు.

“ఒరేయ్ యల్లమందా, ఇక ఈ మోటారుమీద నువ్వు తప్ప ఎవడూ చెయ్యెయ్యడు,” అన్నారు.

సిమెంటు దిమ్మ కట్టారు. ఆ బండను యల్లమంద ఇంటికి తోలుకెళ్లి గుమ్మం ముందు మెట్టుగా వేసుకున్నాడు. చుట్టాలొస్తే సుత్తి చేతికిచ్చి ఆ మూల కొట్టించేవాడు. బొదమనగానే మీసం దువ్వుకుంటూ, “తప్పూ నాదే, దాన్ని పట్టిన చెవీ నాదే,” అనేవాడు.