మూడో కౌంటరు దగ్గర వరస

ఆ రైల్వే స్టేషన్లో టికెట్ కౌంటర్లు మూడు. మూడోదాంట్లో కూర్చునే ఆవిడకు తోటివాళ్లు పెట్టిన పేరు నత్త. ఎదురుగానే అనేవారు. పదకొండేళ్లుగా విని విని ఆవిడా నవ్వి ఊరుకునేది.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజరుకు మాత్రం అది నవ్వులాటగా తోచలేదు. మొదటి కౌంటర్లో గంటకు నలభై టికెట్లు తెగుతుంటే ఈవిడ దగ్గర పాతిక దాటడం లేదు. పైగా వరస ఎప్పుడూ తలుపు దాకా ఉంటుంది.

"వచ్చే నెల నుంచి మీరు పార్సిల్ గదికి మారండమ్మా. అక్కడ తొందర ఉండదు" అన్నాడు.

పార్సిల్ గది నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు, గోనెసంచుల దుమ్ము. ఆవిడకేమో ఉబ్బసం. కిందటి చలికాలం అక్కడ ఒక్క గంట కూర్చున్నందుకే రెండు రోజులు మంచం దిగలేదు.

"కాస్త చకచకా కానివ్వరాదూ?" అన్నాడు గడియారాలు బాగుచేసే భర్త.

ఆవిడ ప్రయత్నించింది కూడా. ఓ ముసలాయన జేబులన్నీ తడుముకుంటూ కళ్లజోడు వెతుక్కుంటుంటే "తర్వాతి వాళ్లు రండి" అనేసింది. ఆయన జేబులు తడుముకుంటూనే పక్కకు తప్పుకున్నాడు. అది చూడలేక తనే మళ్లీ వెనక్కి పిలిచింది. ఇది తన వల్ల అయ్యే పని కాదని తేలిపోయింది.

గురువారం ఉదయం సూపర్‌వైజరు ఆవిడ వెనకే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొదటి కౌంటరు ఖాళీగా ఉంది. అయినా చేతిసంచీ పట్టుకున్న ఒక మనిషి వచ్చి ఈ వరసలోనే నిలబడ్డాడు. తన వంతు రాగానే, "రి... రి... రి..." అని ఆగిపోయాడు.

ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని అతని వైపే చూస్తూ ఉంది.

"రిజర్వేషనా?" అన్నాడు సూపర్‌వైజరు వెనక నుంచి.

అతని మొహం కందిపోయింది. ఆవిడ వెనక్కి తిరక్కుండానే, ఆగమన్నట్టు చెయ్యి చూపింది. అతను ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఆఖరికి రిటర్న్ టికెట్టు అని బయటపడింది.

సూపర్‌వైజరు ఉండబట్టలేక అడిగాడు. "ఆ పక్క ఖాళీయే కదండీ. అక్కడ తీసుకోవచ్చుగా?"

జవాబు పూర్తి కావడానికి చాలాసేపు పట్టింది. "అక్కడ నా మాట ఆయనే పూర్తి చేసేస్తాడండీ. రెండుసార్లు నేను అడగని ఊరికి ఇచ్చాడు. కాదని చెప్పాలంటే మళ్లీ నోరు తిరగాలి. ఎందుకొచ్చిందిలే అని ఆ ఊళ్లోనే దిగి, అక్కణ్ణించి నడిచాను."

తర్వాత ఆవిడ వైపు తిరిగి అన్నాడు. "ఇక్కడ ఆరేళ్లుగా టికెట్టు అడుగుతున్నాను కదా. మీ దగ్గర మాట వస్తోందంటే ఇంకోచోటా వస్తుందనే ఇంటర్వ్యూకి వెళ్లాను. ఆస్పత్రి మందుల గదిలో ఉద్యోగమొచ్చింది. ఈ టికెట్టు రోజూ అక్కడికే."

ఆవిడ టికెట్టు అందించి తలూపింది.

సూపర్‌వైజరు మధ్యాహ్నం దాకా లేవలేదు. చెవి వినపడని ఒక అవ్వ, బోర్డు చదవడం రాని ఒక మేస్త్రీ, చంటిబిడ్డతో సతమతమవుతున్న ఒక తల్లి, అందరూ ఈ వరసలోకే వచ్చారు. లేచి, ఆవిణ్ణి మారిస్తే ఎలా ఉంటుందని మొదటి కౌంటరు గుమాస్తాను అడిగితే అతను తల గోక్కున్నాడు.

"ఆవిణ్ణి తీసేస్తే వాళ్లంతా నా మీద పడతారు సార్. నా నలభై పాతికవుతుంది."

సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు సూపర్‌వైజరు ఆవిడ దగ్గరకొచ్చాడు. "పార్సిల్ గది సంగతి మర్చిపోండమ్మా. మీరిక్కడే ఉండండి."

ఆవిడ పంపు దగ్గరకెళ్లి మొహం కడుక్కుని, ఎవరూ లేరని చూసుకుని, కాసేపు ఏడ్చింది.

ఇంట్లో సంగతంతా విని భర్త ఆశ్చర్యపోయాడు. "ఇంటర్వ్యూకి వెళ్లేంత ధైర్యం వచ్చేలా అతనికి ఏం చెప్పావే?"

"నేనేం చెప్పానండీ. అతను చెప్పేదాకా కూర్చున్నాను, అంతే."

నాలుగు రోజులుగా ముద్ద దిగని మనిషి ఆ పూట మారు వడ్డించుకుని తిన్నది.