గ్రీజు మరక

రామచంద్రపురం దగ్గర ఒక హైస్కూల్లో పాపాయమ్మ పదకొండేళ్ళుగా మధ్యాహ్న భోజనం వండుతోంది. ఆమె పప్పుకు వంక పెట్టినవాళ్ళు లేరు. ఆమె పెంపకానికే ఊరంతా వంక పెట్టింది. పెట్టదా మరి! రెండేళ్ళ కిందట పుట్టినరోజు ఫ్లెక్సీ ఎవరో బ్లేడుతో చించారని రెండు జట్ల కుర్రాళ్ళు కొట్టుకున్నారు. ఆమె కొడుకు కిరణ్ సైకిల్ చైనుతో కొట్టిన దెబ్బకు అదే ఊరి సత్తియ్య పెద్దకొడుకు చచ్చిపోయాడు. కిరణ్ రాజమండ్రి జైల్లో ఉన్నాడు.

సత్తియ్య చిన్నకొడుకు ఉదయ్‌భాస్కర్ ఆ బళ్ళోనే తొమ్మిదో తరగతి. వాడు ఆమె వండింది ముట్టడు. ఇంటినుంచి బాక్సు తెచ్చుకుని, వంటగదివైపు వీపు పెట్టి కూర్చుని తింటాడు. అయినా వాడి గుడ్డు ఆమె రోజూ విడిగా తీసి ఉంచుతుంది.

ఈ ఏడాది ప్రతి శనివారం హెడ్ కానిస్టేబుల్ వెంకటదుర్గ బడికి వచ్చి, గ్యాంగుల్లో తిరిగితే బతుకు ఏమవుతుందో పిల్లలకు పాఠం చెబుతోంది. వరండా చివర చక్కెర పొంగలి కలుపుతూ పాపాయమ్మ పిల్లలకంటే శ్రద్ధగా వినేది.

"కొట్లాట జరగబోతోందని ఎవరో ఒకళ్ళకి ముందే తెలుస్తుంది. ఆ తెలిసినోళ్ళు ఎందుకు చెప్పరర్రా?" అని అడిగింది వెంకటదుర్గ ఒక శనివారం.

పాపాయమ్మకు పాత సంగతి గుర్తొచ్చింది. ఆ కొట్లాటకు ముందు ఒకరోజు కిరణ్ దిండు గలీబుకు గ్రీజు మరక కనబడింది. దిండు ఎత్తితే కింద చైను. కొత్త గలీబు పాడుచేశావని వాణ్ణి చెడతిట్టి, చైను తీసి మేకుకు తగిలించింది. మరకకు కొబ్బరినూనె రాసి నానబెట్టి, పూర్తిగా వదిలేదాకా ఉతికింది. చైను ఎందుకురా అని మాత్రం అడగలేదు. అంత తెలివిగల తల్లి.

సోమవారం ఉదయ్ కుళాయి దగ్గర వంగి చేతులు కడుక్కుంటుంటే, నడుం దగ్గర చొక్కాకు అదే నలుపు కనబడింది. కిరణ్ జట్టువాడు ఒకడు బెయిలు మీద వచ్చి సెంటర్లోనే తిరుగుతున్నాడు. ఆమెకు ఇంకేమీ విప్పి చెప్పక్కర్లేదు. కానీ చంపినవాడి తల్లి చచ్చినవాడి తమ్ముడి మీద చాడీ చెబితే ఊరు ఊరుకుంటుందా? అయినా పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి, హెడ్మాస్టరుగారి గదిలోకి వెళ్ళి వెంకటదుర్గకు ఫోను చేయించి, తనే మాట్లాడింది.

"మేడమ్ గారూ, ఉదయ్ నడుం ఓసారి చూడండి. నేను చెప్పానని చెప్పినా పర్లేదండి."

చొక్కా కింద నడుముకు చుట్టుకున్న చైను దొరికింది. వెంకటదుర్గ కేసు రాయలేదు. తండ్రిని పిలిపించి, చాలాసేపు మాట్లాడి పంపింది. సత్తియ్య తిన్నగా వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"మీ కళ్ళు ఇంత బాగా కనపడతాయని ఇవాళే తెలిసిందండి. మా పెద్దోడప్పుడు ఏమైపోయాయండి ఇవి?"

పాపాయమ్మ అడుగంటిన అన్నాన్ని గరిటెతో గోకడం మొదలుపెట్టింది. ఆయన వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయ్ వచ్చాడు. అదే బాక్సు, అదే వీపు. రాకుండా పోలేదు, అదే చాలనుకుంది. వాళ్ళమ్మ చొక్కాను బండకేసి ఎంత బాదిందో, రంగు వెలిసింది గాని మరక వదల్లేదు. సబ్బుకు వదలదది. ముందు కొబ్బరినూనె రాసి నానబెట్టాలి. ఆ ఒక్క మాట ఆ తల్లికి ఎవరిచేత చెప్పించాలో పాపాయమ్మకు తోచలేదు.