పిల్ల అననన్న మాట

మా ఇళ్లల్లో పెట్టుకునే ప్రార్థన కూటాల్లో చివర చెప్పే ప్రభువు ప్రార్థన వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది. కూటం ముగింపుకు వచ్చిందంటే చాలు, ఒకామె చాప అంచు మడుస్తుంది, ఇంకొకామె చెప్పుల కోసం కళ్లతోనే వెతుకుతుంది. అనుదినాహారం అనే మాట వచ్చేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు మొదలవుతుంది. నేను చదివింది మూడో తరగతి. ఒక్కో మాటా కూడబలుక్కుని నేర్చుకున్నాను కాబట్టి దాని బరువు నాకు తెలుసు. సబ్బు ముక్కను కూడా పూర్తిగా అరిగేదాకా వాడే మనిషిని. దేవుడి మాటలను ఇలా దుబారా చేస్తుంటే ఊరుకోలేను. "జర మెల్లగ చెప్పున్రి, ఎనక లారీ తరుముతుందా?" అంటే నవ్వుతారు. మళ్లీ అదే పరుగు.

మా ఇంట్లోనూ అదే తంతు. మనవరాలికి పదమూడేళ్లు. వచ్చే ఆదివారం పిల్ల ప్రభువు బల్లలో చేరాలి, అంటే రొట్టె, ద్రాక్షరసం మొదటిసారి అందుకోవాలి. దానికి ముందు సంఘమంతా వింటుండగా ఆ ప్రార్థన చెప్పాలి. నా ముందు ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

"అయింది నానమ్మా."

"ఏమయింది? దేవునితోని మాట్లాడినవా, బస్టాండ్ల కండక్టర్ ఊర్ల పేర్లు ఒర్రినట్టు ఒర్రినవా?"

"అందరు గట్లనే చెప్తరు."

"అందరి సంగతి నాకెందుకు? ఒక్కో మాట చెప్పు, దాని అర్థం నీ మాటల్ల చెప్పు. అప్పటిదాక లేవకు."

నేను చెంచాతో అల్లం పొట్టు గీకుతూ కూర్చున్నాను. పిల్ల మూతి ముడుచుకునే మొదలుపెట్టింది. తండ్రీ అనడమంటే ఇంట్లో నాన్నను పిలిచినట్టు పిలవడమంది. ఆయన నామం పరిశుద్ధమంటే ఆ పేరు మీద అబద్ధపు ఒట్లు పెట్టకూడదంది. నాకు నచ్చింది కానీ మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే అక్కడే లేచిపోతుంది. 'నీ చిత్తం నెరవేరుగాక' దగ్గర ఆగింది.

"చెప్పు."

"దేవుడు ఏమనుకుంటె అదే కానియ్యి అనుడు."

"ఆఁ, గదే. ముందుకు నడువ్."

నడవలేదు. వంటింటి వైపు చూసింది. అక్కడ వాళ్లమ్మ, నా కోడలు, గొంతు చుట్టూ కొంగు కప్పుకుని జొన్నరొట్టెలు చేస్తోంది. గొంతులో గడ్డ. మంగళవారం బీదర్ దవాఖానలో ఆపరేషన్. తీసి పరీక్షకు పంపితే కానీ అది ఎలాంటి గడ్డో చెప్పలేమన్నారు.

"అమ్మను తీస్కపోవుడే ఆయన చిత్తమైతే? నేను సరే అనాల్నా నానమ్మా?"

"నోర్ముయ్. ప్రార్థన నేర్సుకునేటప్పుడు గవేం మాటలు?"

"అర్థం చెప్పుమని నువ్వే అన్నవ్ కద. ఇప్పుడు అర్థమైంది. నేననను."

బతిమాలాను, కసిరాను. మిగతాదంతా చెబుతుంది, అక్కడికి వచ్చేసరికి పెదవులు బిగిస్తుంది. విసుగెత్తి మా పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లాను.

"ఫికర్ చేయకమ్మా. అందరితోని కలిపి చెప్పిస్త. ఒక్క మాట అనకున్నా ఎవ్వలకు తెల్వది" అన్నారు.

నాకు ఇంకా మండింది. "వినేటాయనకు తెల్వదా అయ్యగారూ?" అని వచ్చేశాను. వచ్చానే కానీ, పిల్లకు ఏం చెప్పాలో నాకూ తోచలేదు.

ఆదివారం పిల్ల ముందుకెళ్లి నిలబడింది. అయ్యగారు అన్నట్టే అందరినీ కలిసి చెప్పమన్నారు. గుంపు ఎప్పటిలాగే పరుగెత్తింది. పిల్ల మాత్రం నేను నేర్పినట్టు నెమ్మదిగా చెబుతూ వెనకబడింది. వాళ్లు ఆమేన్ అనేశాక ఆ ఒక్క గొంతే మిగిలింది. సరిగ్గా ఆ మాట దగ్గర అదీ ఆగిపోయింది.

పక్కనున్నామె నా చెవిలో, "ఏం నేర్పినవక్కా, సగంల మర్శిపాయె" అంది.

"మర్వలేదు" అన్నాను పళ్లు బిగబట్టి.

అప్పుడు నా కోడలు లేచి పిల్ల పక్కకు వెళ్లింది. గొంతు బొంగురుగా ఉన్నా, మైకు దగ్గరే ఉండడంతో అందరికీ వినబడింది.

"నాకు సుత భయమైతుంది బిడ్డా. ఆ భయం ఆయనకు చెప్పుకున్నంకనే ఈ మాట అంటున్న. నేను ముందు అంట, నా ఎంట నువ్వు అను. అనబుద్ధి కాకుంటె నా చెయ్యి పట్టుకొని నిలవడు."

కోడలు అంది. పిల్ల అనలేదు, చెయ్యి పట్టుకుంది. కోడలు మళ్లీ అంది. ఈసారి పిల్ల పెదవులు కదిలాయి. ఏడుపులో మాట సరిగా వినబడలేదు. అయ్యగారు తొందరపెట్టలేదు, అదొక్కటి మెచ్చుకోవాలి. ప్రార్థన పూర్తయ్యాక పిల్లకు రొట్టె అందించారు.

బయటికి వచ్చాక ఆ పక్కామె మళ్లీ పట్టుకుంది. "అంతమందిల దవాఖాన ముచ్చటెందుకక్కా?"

"మరి ప్రార్థన అంటె ఏందనుకున్నవ్?" అని కసిరి వచ్చేశాను.

మంగళవారం బీదర్‌లో కోడలిని లోపలికి తీసుకెళ్లి తలుపు వేశారు. బయట బెంచీ మీద మనవరాలు నా పక్కన కూర్చుని, అడగకుండానే ప్రార్థన మొదలుపెట్టింది. నేనూ కలిశాను. ఆ మాట దగ్గర ఇద్దరం ఆగాం.

"నువ్వు ముందు అను నానమ్మా" అంది, నా మొహంలోకి చూస్తూ.

ఈ పిల్లతో వేగలేననుకుంటూనే, తలుపు వైపు చూసి, అన్నాను.