కొండ కింద సమ్మెట దెబ్బ

భూగర్భ, జలవనరుల సర్వే కార్యాలయంలో అతడి హోదా సహాయక కార్మికుడు. చేసే పని మాత్రం ఒక్కటే, నేలను కొట్టడం. నేల మీద ఇనుప పలక పరచి, ఒంట్లోని బలమంతా కూడదీసుకుని దాని మీద సమ్మెట వేయడం అతడి వంతు. ఆ దెబ్బ నేల లోపలికి దిగి, వదులు మట్టిలో నింపాదిగాను, గట్టి రాతిలో వడిగాను ప్రయాణిస్తుంది. నేలలో వరుసగా గుచ్చిన ఇనుప ముళ్ళు దానిని విని, తీగల గుండా ఒక పెట్టెకు చేరవేస్తాయి. ఆ ముళ్ళను సిబ్బంది ‘చెవులు’ అనేవారు. అతడిని ‘సమ్మెట’ అనేవారు.

దెబ్బ పడే క్షణాన చుట్టుపక్కల ఎవరూ అడుగు కదపరాదు. మనిషి నడిచినా, మేక గెంతినా చెవులకు అదే వినబడి, అసలు దెబ్బ వినబడకుండా పోతుంది. అందువల్ల “ఎక్కడివాళ్ళక్కడ ఆగండి!” అని ముందుగా అతడే కేక వేసేవాడు. నీటి జాడ కోసం సర్వే జరిగిన చోట్ల జనం ఊపిరి బిగబట్టి నిలబడేవారు. పని కాగానే అతడిని మంచం వాల్చి కూర్చోబెట్టేవారు.

అతడి చెయ్యి నేల మీద ఎంత బలంగా పడేదో, మనుషుల మీదా అంత బలంగానే పడేది. వయసులో ఉండగా బస్సులో తన కాలు తొక్కినవాడి ముక్కు పగలగొట్టాడు. టీ దుకాణంలో తండ్రిని తిట్టినవాడిని కుర్చీతో సహా ఎత్తి మురుగు కాలువలో పడవేశాడు. చెల్లెలిని ఆమె భర్త కొట్టాడని తెలిసిన నాడు, వెళ్ళి బావ ముందుపళ్ళు రెండూ రాలగొట్టాడు. చెల్లెలు సంతోషిస్తుందని అనుకున్నాడు. ఆమె భర్త నోటి నెత్తురు తుడుస్తూ, “ఇంకోసారి ఆయన మీద చెయ్యెత్తావంటే నీకు చెల్లెలు లేదనుకో అన్నయ్యా. నా మొగుణ్ణి ఎలా దారిలో పెట్టుకోవాలో నాకు తెలుసు. నువ్వు ఆరిందాలా మధ్యలో దూరకు” అన్నది. అంతటివాడూ తల వంచుకుని బయటికి వచ్చాడు. అప్పటి నుంచి బావ ఎంత ఎకసెక్కెమాడినా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు.

బావ తాపీమేస్త్రి. కొండ అంచును తొలిచి చదును చేసిన వాడలో, ఇటుక మీద ఇటుక తానే పేర్చుకుని ఇల్లు కట్టుకున్నాడు. వెనుక గోడకూ కొండకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు మాత్రమే ఉండేది. ఆ ఏటి తొలి వానలకు కొండ పైభాగాన పొడవాటి నెర్రె విచ్చింది. కొండలో వదులు మట్టి ఎంత లోతు వరకు ఉన్నదో తేల్చి, కింది ఇళ్ళు నివాసయోగ్యములో కావో తెలియజేయవలసినదిగా కార్యాలయానికి ఉత్తర్వు వచ్చింది.

సర్వేకు ముందు రోజు సాయంత్రం సమ్మెట ఆ ఇంటికి వెళ్ళాడు.

“నాలుగు రోజులు పిల్లల్ని తీసుకుని నా గదికి రావే. పైన నెర్రెలో నా చెయ్యి మోచేతి దాకా దిగింది.”

చెల్లెలు సమాధానం చెప్పేలోగా బావ అందుకున్నాడు. “పళ్ళు ఊడగొట్టావు, సరే. ఇప్పుడు కొంప ఊడగొట్టడానికి వచ్చావా? రేపు కొట్టుకో నీ సమ్మెట. ఎవరు ఆగుతారో చూద్దాం.”

ఆ మాట అర్థం మరునాడు గాని అతడికి తెలియలేదు. దెబ్బ వేళ నేల కదలరాదన్న సంగతి ఈ ఇంట్లోనే, అన్నం తింటూ, అతడే గొప్పగా చెప్పి ఉన్నాడు.

సర్వే బృందం చెవులు గుచ్చి, తీగలు పరచింది. పెట్టె ముందు భూగర్భ శాస్త్రవేత్త మోకాళ్ళ మీద కూర్చున్నది. చిన్న వయసు ఆవిడ. అతడిని బాబాయి గారని పిలిచేది. అతడు కేక వేశాడు. ఎవరూ ఆగలేదు సరికదా, వాడంతా ఒక్కసారిగా గెంతడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు గునపాలతో గడపలు మోదారు. మగవాళ్ళు లారీ టైర్లు ఎత్తి నేల మీద వేశారు. భారీ శరీరం గల దుకాణదారు చొక్కా విప్పి మరీ గెంతుతుంటే, ఒక ముసలమ్మ “నువ్వు మెల్లగా గెంతు నాయనా, కొండ నీ వల్లే పడేట్టుంది” అని అరిచింది. సమ్మెట వేసిన ప్రతి దెబ్బా ఆ గోలలో కలిసిపోయింది.

“పెట్టెలో ఏమీ పడటం లేదు బాబాయి గారూ! ఈ రోజు కొలత దొరక్కపోతే వీళ్ళని ఖాళీ చేయించమని నేను రాయలేను. రాత్రికి మళ్ళీ వానట!”

“ఆగండ్రా! మీ పిల్లలు చస్తారు!” అని అతడు గొంతు చించుకున్నాడు. జవాబుగా రాయి వచ్చి అతడి కణతకు తగిలింది. బావ పార తీసుకుని తీగల మీదికి దూకాడు. తీగ తెగితే అంతా ముగిసినట్లే. సమ్మెట ఆ తీగల మీద బోర్లా పడుకున్నాడు.

“లేవరా!”

“లేవను బావా.”

పార కర్ర అతడి వీపు మీద పడింది. మరల పడింది. పక్కకు ఒత్తిగిల్లితే ఎడమ డొక్కలో పడి, లోపల ఏదో పుటుక్కుమన్నది. గెంతుతున్నవాళ్ళు వచ్చి తన్నసాగారు. ఒకడి మడమ అతడి పెదవిని చీల్చింది. అతడి వేళ్ళు మట్టిలోకి దిగబడ్డాయే గాని పిడికిలిగా మారలేదు. నోటి నుంచి నెత్తురు బుడబుడమని కారేసరికి చెల్లెలు గుండెలు బాదుకుంటూ కేక పెట్టింది.

“చచ్చిపోయాడు! మా అన్నయ్యని చంపేశారు!”

పార బావ చేతిలో అలాగే ఆగిపోయింది. తన్నే కాళ్ళు ఆగాయి. గునపాలు ఆగాయి. దుకాణదారు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. హత్య జరిగిందన్న భయంతో వాడ మొత్తం కొయ్యబారింది.

ఆ నిశ్శబ్దంలో శాస్త్రవేత్త గొంతు మెల్లగా వినబడింది. “నేల ఆగింది.”

అతడు లేచాడు. ఎవరూ కదలక మునుపే సమ్మెట అందుకుని, విరిగిన ఎముక లోపల కోస్తుండగా, పలక మీద వేశాడు. మరల వేశాడు. ప్రతి దెబ్బకూ నెత్తురు తుంపరగా పలక మీద చిమ్మింది. జనం తేరుకునేసరికి ఆవిడ పెట్టె మూస్తున్నది.

వదులు మట్టి రెండు మిద్దెలెత్తు లోతు వరకు ఉన్నదని తేలింది. చీకటి పడకముందే పోలీసులు లాఠీలతో వచ్చి ఇళ్ళు ఖాళీ చేయించారు. చెల్లెలు తలుపు రెక్కను కౌగిలించుకుని వదలకపోతే, అతడే ఆమెను భుజాన వేసుకుని మోశాడు. దారి పొడుగునా ఆమె అతడి ముంజేతిని కొరుకుతూనే ఉన్నది.

రాత్రి కొండ జారింది. తెల్లవారి చూస్తే వాడలో చాలా ఇళ్ళకు మడమ లోతు బురద తప్ప ఏమీ కాలేదు. “ఈ మాత్రం మట్టికా? రెండు గంపలు ఎత్తిపోసుకునేవాళ్ళం” అంటూ బావ తన ఇంటి కిటికీలోంచి తొంగి చూశాడు. వెనుక గోడను చీల్చుకుని వచ్చిన బండ ఒకటి, పిల్లలు పడుకునే మూల కూర్చుని ఉన్నది. బావ కిటికీ వదిలి, అరుగు మీద కూలబడ్డాడు.

చెల్లెలు ఇవేవీ చూడలేదు. కుట్టుమిషను తెచ్చుకుంటానని గుమ్మం వైపు దూసుకుపోయింది. పైనుంచి గులకరాళ్ళు ఇంకా రాలుతున్నాయి. సమ్మెట గుమ్మానికి అడ్డంగా, రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

“తప్పుకో!”

“తప్పుకోను.”

ఆమె రెండు పిడికిళ్ళతో అతడి రొమ్ము మీద గుద్దసాగింది. “నా ఇల్లు! నా మిషను! నువ్వూ నీ సమ్మెటా!” రాత్రి డొక్కకు వేయించుకున్న కట్టు కింద ఎముక కలుక్కుమని అతడి ముఖం తెల్లబారింది. చేతులు మాత్రం ద్వారబంధాన్ని వదలలేదు.

ఆమె ఒక్క క్షణం ఆగి, రొప్పుతూ అడిగింది.

“ఎముక విరిగింది ఏ వైపు?”

“ఎడమ.”

ఆమె కళ్ళు తుడుచుకుని, ఈసారి కుడివైపు గుద్దడం మొదలుపెట్టింది.