బర్రెను దాచిన రోజు

కొత్త రాష్ట్రం వచ్చి, ఊరి కుర్రాళ్ల చేతుల్లోకి టచ్ ఫోన్లు కూడా అప్పుడప్పుడే వచ్చిన ఆ రోజుల్లో, నా అంత తెలివైనవాడు ఆత్మకూరు చుట్టుపక్కల ఇంకొకడు లేడని నాకు గట్టి నమ్మకం. (ఈ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు, అది వేరే విషయం.) మండలాఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే కాంట్రాక్టు ఉద్యోగం నాది. పగలంతా చల్లటి గదిలో ఉండి, అంటే కంప్యూటర్ కోసం చల్లగా ఉంచిన గదిలో నేనూ ఉండి, సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఎదురుగా కొట్టం, కొట్టంలో బర్రె, దాని పక్కన పెంటకుప్ప, వాకిట్లో నులక మంచం, మంచం కింద కోళ్లు. చూడగానే ప్రాణం ఉసూరుమనేది. లోపల జొన్నల బస్తాలు, ఉట్టి మీద నెయ్యి, దండెం మీద ఎండుతున్న ఒరుగులు. ఇన్ని పెట్టుకుని కూడా మా ఇంట్లో ఏమీ లేదని నేను బాధపడేవాణ్ణి. ఏమీ లేదంటే సోఫా లేదు, ఫ్రిజ్ లేదు. మనిషికి ఇంకేం కావాలి చెప్పండి?

ఆ బాధలో ఉండగానే మా మేనత్త అచ్చంపేట దిక్కున ఒక సంబంధం తెచ్చింది. పోయి పిల్లను చూశాం. పిల్ల టీ ఇచ్చింది. నేను గ్లాసు పట్టుకున్న తీరు చూసి (చిటికెన వేలు పైకి లేపి పట్టుకున్నాను, ఫోన్‌లో ఎవరో అట్లా పట్టుకోవడం చూశాను) తల వంచుకుని కిసుక్కున నవ్వింది. అంతే, ఆ నవ్వు నాతోపాటే బస్సెక్కి ఇంటిదాకా వచ్చింది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని ఆ బస్సులోనే అనుకున్నాను. మా దిక్కు మనం పిల్లను చూశాక పిల్ల తరపువాళ్లు మన ఇల్లు చూడడానికి వస్తారు. ఇల్లు నచ్చితేనే మాట ముందుకు పోతుంది. వాళ్లు ఆదివారం వస్తున్నారని చెప్తూ మా మేనత్త ఇంకో ముక్క కూడా చెవిన వేసింది. "ఆ పిల్లకు పట్నం సంబంధం గూడ వచ్చిందట్ర. ఫ్లాటట, సోఫాలట, ఫ్రిజ్జట. జర చూస్కో మరి."

చూసుకోకుండా ఉంటానా? నా తెలివి పని మొదలుపెట్టింది. పల్లెటూరి కంపు కొట్టే వస్తువు ఒక్కటి కూడా వాళ్ల కంట పడకూడదని తీర్మానించాను. శనివారం పొద్దున ట్రాక్టర్ పెట్టి పెంటకుప్పను మొత్తం చేనికి తోలించాను. జొన్నల బస్తాలు, నెయ్యి దుత్త, నులక మంచం, మేకలు, కోళ్ల గంపలు, అన్నీ గోడ అవతల చిన్నమ్మ ఇంటికి చేర్చాను. సాయంత్రం బర్రెనూ దూడనూ కూడా తోలుకుపోయి చిన్నమ్మ కొట్టంలో కట్టేశాను. మా కొట్టం కడిగి సున్నం కొట్టి మధ్యలో ప్లాస్టిక్ పూల కుండీ పెట్టాను. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నాకు ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు చూస్తూ నిలబడింది.

ఇక సోఫా. టెంటుహౌజ్ చాచా దగ్గరికి పోయాను. ఆయన నాకు చిన్నప్పటి నుంచీ తెలిసినవాడే. "సోఫాలన్ని పెండ్లిళ్లకు పోయినయ్ బేటా. స్టేజీ మీద పెండ్లిపిల్ల, పెండ్లిపిలగాడు కూసునే కుర్చీలున్నయ్. తీస్కపో, ఫికర్ జేయకు" అన్నాడు. ఎర్ర మఖమలు, బంగారు రంగు చేతులు, వెనకాల నెమలి పురి. నాకు మహా నచ్చాయి. వెనక తెల్లరంగుతో చాచా టెంటుహౌజ్ పేరు కొట్టొచ్చినట్టు రాసి ఉంటే, వీపులు గోడకు ఆనించి పెట్టాను. ఫ్రిజ్ కిరాణా కొట్టు నడిపే దోస్తు దగ్గర తెచ్చాను. దానికి అద్దం తలుపు. అమ్మ దాని మీద పూల దుప్పటి కప్పి ఎన్ని వంకర్లు తిప్పినా లోపలి కూల్‌డ్రింకు సీసాలు కనబడుతూనే ఉన్నాయి.

మా బాపుకు ధోతి తప్ప ఇంకోటి తెలియదు. ఆదివారం పొద్దున నా ప్యాంటు ఒకటి ఇచ్చి వేసుకొమ్మన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బర్రెను దాస్తివి, మేకల్ని దాస్తివి, పండుకునే మంచం గూడ దాస్తివి. మరి నన్నేం జేస్తవ్ రా? నన్ను గూడ చిన్నమ్మోళ్ల కొట్టంల కట్టేసి రారాదు?" అన్నాడు.

నేను చాలా శ్రద్ధగా ఆలోచించి, "వద్దు బాపూ. ప్యాంటు వేసుకుంటే చాలు. వ్యవసాయం సంగతి మాత్రం ఎత్తకు" అన్నాను. ఆయన ఊపిరి బిగబట్టి గుండీ పెట్టుకున్నాడు. ఈ కథలో అన్నిటికీ నవ్వుకుంటాను గానీ, ఆ జవాబు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో తల వంగుతుంది.

తొమ్మిదింటికి వాళ్లు ఆటో దిగారు. పిల్ల తండ్రి, పిల్ల మేనమామ, పిల్ల అవ్వ. తండ్రినీ మేనమామనూ లాంఛనంగా తీసుకుపోయి ఆ కుర్చీల్లో కూర్చోబెట్టాను. నెమలి పురుల కింద ఇద్దరు మీసాల పెద్దమనుషులు పక్కపక్కన, అక్షింతలు వేయడమే తక్కువ. నవ్వు ఆపుకోలేక మా అమ్మ లోపలికి పోయింది. అవ్వ మాత్రం కూర్చోలేదు. కట్టె పట్టుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరిగింది. దుప్పటి ఎత్తి ఫ్రిజ్‌లోకి చూసి, "ఈడ దుక్నం గిట్ల నడుపుతరా బిడ్డా?" అని అడిగింది. తర్వాత బయటికి పోయి కొట్టంలో పూల కుండీ ముందు చాలాసేపు నిలబడింది. సున్నం తెలుపు చూసి మురిసిపోతోందనుకుని నేను లోలోపల ఉబ్బిపోయాను.

టీ వచ్చింది. అవ్వ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. "ఇవి యాడి పాలు?"

"పాకెట్ పాలవ్వా. మేం అవే వాడుతం. శుభ్రంగ ఉంటయి" అన్నాను, చిటికెన వేలు లేపి.

పిల్ల తండ్రి మా బాపు దిక్కు తిరిగి, "ఎవుసం ఎట్లున్నది బావా?" అని అడిగాడు. బాపు నా మొహం చూశాడు. నేను కళ్లు పెద్దవి చేశాను. "పిలగాడు చెప్తడు" అన్నాడు బాపు, నేల చూస్తూ. నేను వ్యవసాయంలో ఈ రోజుల్లో ఏమీ లేదనీ, మేము ఆ దశ దాటేశామనీ ఒక ఉపన్యాసం ఇచ్చాను. వాళ్లు ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఇంత నాగరికులమని అనుకోలేదు పాపం అనుకున్నాను. వాళ్లు వాకిట్లోకి పోయి గుసగుసలాడుతుంటే కిటికీ చాటు నుంచి విన్నాను.

"గింజ లేదు, గొడ్డు లేదు, ఇంటి ముంగట పిరికెడు పెంట లేదు," అంటోంది అవ్వ. "పాలు గూడ కొనుక్కొని తాగుతున్రు. పాపం, అన్నీ అమ్ముకున్నట్టున్నరు. ఆ పెద్దమనిషి మొఖం జూసినవా? నోట్లె మాట లేదు. పట్నపోళ్లకు పాలు పాకెట్ల, నీళ్లు డబ్బల అనే కదరా ఆ సంబంధం వద్దంటిమి. గీడికొస్తే గా పట్నమే నయమున్నది."

పైన పటారం, లోన లొటారం అంటారే, లోన బంగారం పెట్టుకుని పైన లొటారం చూపించిన మొనగాణ్ణి నేనొక్కణ్ణేనేమో. పిల్ల తండ్రి లోపలికొచ్చి, కండువా సవరించుకుని, "మంచిది బావా, ఇంటికి పోయి కబురు జేస్తం" అన్నాడు. ఆ మాటకు మా దిక్కు ఒకటే అర్థం. ఆ కబురు ఎప్పటికీ రాదు. ఆ పిల్ల నవ్వు కూడా అదే ఆటోలో ఎక్కి వెళ్లిపోతున్నట్టు అనిపించింది. ఉన్నదున్నట్టు చెప్పేద్దామంటే, ఇప్పుడే దాటేశామని చెప్పిన దశను మళ్లీ వెనక్కి ఎట్లా తెచ్చేది?

నేను తేలేనిది బర్రె తెచ్చింది. దానికి మా బాపు చేయి తప్ప ఇంకో చేయి పనికిరాదు. పొద్దున పాలు పిండబోయిన చిన్నమ్మను ఒక్క తాపు తన్నిందట. పొదుగు బరువెక్కి, ఇక ఆగలేక తలుగు తెంపుకుని, దూడ వెంట రాగా, పెద్దగా ఒర్రుకుంటూ మా వాకిట్లోకి దూసుకొచ్చింది. నేరుగా కొట్టంలోకి పోయి తన జాగాలో ఉన్న పూల కుండీని కొమ్ముతో ఒక్క పోటు పొడిచింది. (కుండీ ఎంత దూరం పోయిందో చెప్పను, అది కూడా కిరాయిదే.) మళ్లీ బయటికొచ్చి, ఆ చప్పుడుకు వాకిట్లోకి వచ్చిన బాపు ముందు నిలబడి, ఇంత ఆలస్యమేమిటని అడిగినట్టు ఒర్రింది.

బాపు నా దిక్కు చూడలేదు. "వస్తున్న తల్లీ, వస్తున్న" అంటూ చెంబు అందుకుని గొంతుకూర్చున్నాడు. నా ప్యాంటు పర్రుమని వెనక కుట్టంతా విడిపోయింది. ఆయన పట్టించుకోలేదు. చెంబులో పాలు నురగలు కట్టాయి. పొద్దుటి నుంచీ పోయిన కళ ఆయన మొహంలోకి తిరిగి వచ్చింది. అంతలో గోడ అవతల నుంచి చిన్నమ్మ గొంతు, "ఒరేయ్, మీ మేకల్ని గూడ తోల్కపో! నా కూరగాయల మడంత మేసినయ్. మీ జొన్నబస్తాలు అడ్డముండి తలుపు గూడ పడ్తలేదు!"

అవ్వ కట్టె తీసుకుని చిన్నమ్మ ఇంటికి నడిచింది. మేకలు చూసింది, బస్తాలు తట్టి చూసింది, నెయ్యి దుత్త మూత తీసి వాసన చూసింది. తిరిగి వచ్చి, మంచం తెప్పించి వాకిట్లో వేయించుకుని, దాని మీద బాసింపట్టు వేసి కూర్చుంది. "ఇంతుండంగ, గా లేనిదంత ఎందుకు తెచ్చి పెట్టినవ్ర బిడ్డా?" అని నన్ను అడిగింది. మా అమ్మ చల్ల తెచ్చి ఇచ్చింది. అవ్వ గటగటా తాగి, మూతి తుడుచుకుని, కొడుకుతో, అంటే పిల్ల తండ్రితో, తీర్పు చెప్పింది. "పిల్లనిద్దాం. ఇల్లు మంచిది, అయ్య మంచోడు, బర్రె మంచిది. పిలగానికే జర తెలివి తక్కువ. మన పిల్ల సక్కజేస్తదిలే."

అట్లా నా పెళ్లి మా బర్రె యోగ్యత మీద జరిగింది. మా ఆవిడకు కోపం వచ్చినప్పుడల్లా ఆ సంగతి గుర్తు చేస్తుంది. ఇప్పుడు కొట్టంలో ఆ బర్రె కూతురూ, మనవరాలూ ఉన్నాయి. ఆ తర్వాత నా ముచ్చట తీరడానికి ఒక సోఫా కొన్నాను. దాని మీద ఒక మూల మిరపకాయలు ఎండుతాయి, ఇంకో మూల కోడి గుడ్లు పెడుతుంది. నా ప్యాంటుతో బాపు పాలచెంబు తుడుచుకుంటాడు.

మొన్న పాలమూరులో మా ఆఫీసాయన కొత్తింట్లోకి పోతూ భోజనాలకు పిలిచాడు. పల్లె వాతావరణం అని వరసగా నులక మంచాలు వేయించాడు. నేను కూర్చున్న మంచం కోడు మీద తెల్లరంగుతో తెలిసిన పేరు. తల ఎత్తితే ఎదురుగా చాచా, గడ్డం నెరిసింది. "యాది ఉందా బేటా? అప్పుడు నువ్వు మంచం దాచి కుర్చీలు తీస్కపోతివి. ఇప్పుడు అందరు సోఫాలు దాచి మంచాలు తీస్కపోతున్రు. నాకేంది, ఎట్లయినా కిరాయే" అన్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బాపు పాలు పిండుతున్నాడు. కిరాయి లేని మంచం మీద కూలబడ్డాను. మా ఆవిడ టీ తెచ్చి ఇచ్చి, నా వేళ్ల దిక్కు చూసి, మొదటి రోజు నవ్విన నవ్వే మళ్లీ నవ్వింది. చూసుకుంటే, చిటికెన వేలు ఇంకా లేచే ఉంది.